బయటోడి కాటా

టెక్కలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ డయాలిసిస్ మధ్యలో భార్యను పోగొట్టుకున్న పలాస జీడిపిక్కల వ్యాపారి, వరసకి అల్లుడయ్యే, ఫిర్యాదులు చూసే గుమాస్తా ఎదురుగా కూర్చున్నాడు.

"ఇచారణ అయిపోనాది మావా. తప్పేటీ నేదంట."

"ఇచారణ సేసిందెవులు?"

"అత్తకి డయాలిసిస్ సేసిన ఆ డాక్టరుగారే."

"బాగుందల్లుడూ! మా పిక్కల్ని కొన్నోడి కాటా మీదా తుయ్యం, అమ్మినోడి కాటా మీదా తుయ్యం. బయటోడి కాటాకి తీసుకెల్తాం. మీ అత్తకి ఆపాటి నాయం నేదా?"

"బయటోళ్లొత్తే అత్త తిరిగొత్తాదేటి?"

"రాదు. నన్ను బయట కూకోబెట్టి తలుపేసేసినారు. ఆకర్న అది నాకోసం అడిగిందో నేదో మీలో ఒక్కరూ సెప్పరు. బయటోడైతే మిమ్మల్ని నిలదీసి నాకు సెప్తాడు."

గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అడిగింది మావా. నువ్వింటికెల్లిపోనావని సెప్పినారంట."



"తలుపు కాడే ఉన్నాన్రా. పిలిత్తే ఇనబడినంత దూరంలోనే ఉన్నాను."