ఇంజిన్‌కి పోసిన బీరు

బొలీవియా ఎత్తుభూముల్లో చలి ఉదయం. ఐదేళ్ల తర్వాత చిలీ గనుల నుంచి వారం కిందటే తిరిగొచ్చిన ఎవరిస్తో, పాత పికప్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఎత్తిన బానెట్ పక్కన అతని భార్య సెనోబియా.

“ఇంకోసారి తిప్పావంటే బ్యాటరీ కూడా చస్తుంది.”

“నువ్వూరుకో సెనోబియా. చోక్ లాగాను, పెడల్ తొక్కాను. అదే అందుకుంటుంది.”

“గంట నుంచి అదే అంటున్నావు. పెట్రోలు కంపు ఇక్కడిదాకా కొడుతోంది. తొక్కడం ఆపు.”

“ఓహో. నువ్వెప్పుడు నేర్చుకున్నావు ఇవన్నీ?”

“ఎప్పుడో ఒకప్పుడు. చోక్ మళ్ళీ లాగు.”

“లాగాను.”

“పూర్తిగా లాగు.”

“లాగానంటున్నాగా.”

“తీగ వస్తోంది, గాలిదారి మూసే రేకు కదలట్లేదు. తెరిచిన నోరు మూయట్లేదు, అచ్చం నీలాగే. ఈ చలికి అది మూసుకోకపోతే ఇంజిన్ ఎలా లేస్తుంది?”

“తుప్పు పట్టుంటుంది. ఆడవాళ్ళ చేతిలో పెట్టిపోతే అంతే.”

“తుప్పా? దిగొచ్చి చూడు. గులాబీ రంగు తుప్పు ఎక్కడన్నా చూశావా?”

“అది... కాగితం ముక్కలా ఉంది.”

“ముక్కలు. జిగురేసినట్టు అంటుకున్నాయి. నిన్న బండిని దీవిస్తానని ఊగిపోయావే, బీరు ఎక్కడ పోశావు?”

“చక్రాలకి. నేలతల్లి పచ్చమామకి. అందరూ పోసినట్టే.”

“ఇంకా?”

“గాలి ఫిల్టర్ మూత తీసి ఒక గుక్క. ఇంజిన్ కూడా తాగాలి కదా అని.”

“తాగించి, బండి మీద చల్లిన రంగుకాగితాలు నంజుకోమన్నావు.”

“గనిలో మావాళ్ళంతా...”

“మీవాళ్ళు బళ్ళు తోలతారా, తోస్తారా? గుడ్డ ఇటివ్వు. పెట్రోలులో ముంచి. అది నీ చొక్కా కదా... సర్లే, అదే ఇవ్వు.”

“తొందరగా కానీ. ఎనిమిదికి బళ్ళ స్టాండులో లేకపోతే జనాన్ని ఎక్కించుకునే మన వంతు పోతుంది. మళ్ళీ వారం దాకా రాదు.”

“నాకు చెబుతున్నావా? వంతు సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఇంట్లో ఉండి దొడ్డిగోడ కట్టు.”

“వచ్చినప్పట్నుంచి ఇదే పాట. గోడ, లామాల మంద, గోడ. స్టాండుకి మాత్రం రానివ్వవు. మొగుడొచ్చాడని చెప్పుకోవడానికి సిగ్గా?”

“రేకు కదిలింది. జరుగు, నేను తిప్పుతా.”

“నువ్వా? తిప్పు, చూద్దాం... లేచిందే. ఒక్క తిప్పుకే లేచిందే.”

“బానెట్ దించు. చోక్ నెమ్మదిగా లోపలికి తొయ్యాలి, వేడెక్కేకొద్దీ. నీకు చెప్పి ఏం లాభంలే.”

“సరే, ఇక దిగు. నేను తోలతా. నా బండి, నా రూటు. డ్రైవర్ల సంఘం పుస్తకంలో ఉన్నది నా పేరే.”

“ఉండేది.”

“అంటే?”

“ఒక్క ఉత్తరం రాయలేదు నువ్వు. మూడో ఏడు రూటు లాగేసుకుంటామన్నారు. మొగుడు పోయినదానికైతేనే రాసిస్తామన్నారు. నల్ల శాలువా కప్పుకుని వెళ్ళి, వాళ్ళ ముందు కూర్చుని ఏడ్చాను. తప్పుకో ఎవరిస్తో, చచ్చినవాడివి బండికి అడ్డం నిలబడితే ఎలా?”