సాల్మన్ రాజు కీచురాళ్ళ పొడి

"భూమ్మీద ఆకలి అన్నది లేకుండా ఈ కృత్తివెన్ను నుంచే తుడిచిపెట్టేస్తాను, చూస్తూ ఉండండి!" అని సాల్మన్ రాజు బల్ల గుద్ది, అదే చెయ్యి గారెల పళ్ళెం వైపు చాపాడు. "పిన్నీ, ముందో రెండు గారెలు పడెయ్. పొద్దుటినుంచి కడుపులో ఏమీ లేదు."

సుబ్బాయమ్మ టీ కొట్టు మొత్తం నవ్వింది. రాజు రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు. చెరువుల్లో మేత చల్లిస్తాడు, గట్టు మీద కోతలు చల్లుతాడు. ఎండుచేపల వ్యాపారం చేసే నరసింహం కూడా నవ్వాడుగానీ, కాస్త ఆచితూచి నవ్వాడు. రోడ్డు పక్కన ఆయన గోడౌన్ ఒకటి ఖాళీగా ఉంది. అందులో మనుషులు తినడానికి కీచురాళ్ళు పెంచుతానని రాజు వారం రోజులుగా ఆయన వెంట పడుతున్నాడు. ఇస్తే ఊరు నవ్వుతుందేమో, ఇవ్వకపోతే మంచి బేరం చెయ్యి జారిపోతుందేమో. ఇవాళ ఏదో ఒకటి తేల్చెయ్యాలనే వచ్చాడాయన.

"పురుగుల్ని తినడమేంట్రా, ఛీ!" అన్నాడు ఆటో నాంచారయ్య.

"రొయ్యకి మీసాల్లేవా బావా? దాని కాళ్ళెన్నో ఎప్పుడైనా చూశావా? నీళ్ళలో ఉంటే వేపుడూ, గట్టెక్కితే పురుగూనా? కీచురాళ్ళని ఎండబెట్టి పొడి కొడితే సగానికి పైగా ప్రోటీనే. ఐరనుంది, బీ ట్వెల్వ్ ఉంది. మేత కోడికన్నా తక్కువ తింటాయి, నీళ్ళు గేదెలా తాగవు. రేపు జనం ఇంకా పెరిగితే దేశాలన్నీ వీటికోసం క్యూ కడతాయి. మనం ముందే తినేసి మూతి తుడుచుకుని కూర్చుంటాం."

నరసింహానికి ఈ మాటలు నచ్చాయి. రాజు అక్కడితో ఆగి ఉంటే గోడౌన్ తాళాలు అప్పుడే చేతిలో పెట్టేవాడు. కానీ రాజు ఆగుతాడా!

"ఆన్‌లైన్‌లో ఒక పెట్టెడు బతికున్న కీచురాళ్ళు తెప్పించి, కొన్ని పొడి కొట్టానండీ. మొదటిరోజు ఒక్క చెంచాడు పొడి మజ్జిగలో కలుపుకుని చెరువు మీదికెళ్ళాను. నీళ్ళని చిలికి గాలి పట్టించే ఏరియేటర్ లేదూ, అది చెడిపోయింది. నలుగురు పట్టినా కదలదు. ఒక్కడినే చంకన పెట్టుకుని గట్టెక్కాను!"

"లుంగీ తడవలేదూ?" అంది సుబ్బాయమ్మ.

"తడవడానికి దానికి టైమేది పిన్నీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు రెండు చెంచాలు. పెడన దగ్గర బందరు బస్సు ఆగిపోయింది. తాడు కట్టి లాగాను. ఊపు ఎంతుందంటే, బందరు బస్టాండు దాటిపోయి చిలకలపూడిలోగానీ ఆగలేదు. వెనక్కి తిరిగి చూస్తే కండక్టరు నన్ను టికెట్ అడుగుతున్నాడు!"

"కొన్నావా?" అన్నాడు నరసింహం.

"పాసుందని చెప్పానండీ."

నాంచారయ్యకి టీ పొలమారింది. రాజు మాత్రం కాలర్ సర్దుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగిలిన కీచురాళ్ళకి రొయ్యల మేత వేశాను. తెల్లారేసరికి కోడిపిల్లంత, ఆదివారానికి మేకపోతంత! ఒకదానికి పలుపు వేసి కట్టేస్తే గుంజతో సహా గెంతి గుడివాడలో తేలింది. వెళ్ళి దాని మీదెక్కి తోలుకొచ్చాను, రెండే గెంతులు. ఒక్క తొడ కోసి వండితే చర్చిలో అందరికీ ప్రేమవిందు అయిపోయింది. పాస్టర్ గారు మూడోసారి వడ్డించుకున్నారు."

"మరి ఆ కీచురాయి?"

"మిగతా కాళ్ళతో గెంతుతూనే ఉంది బావా, దానికేం లోటు!"

కోతలని తెలిసినా నరసింహం కళ్ళముందు గోడౌన్ గోడ, దాని మీద పెద్దక్షరాలతో తన పేరు కదిలాయి. మోకాళ్ళ మీద చేతులు వేసుకుని ముందుకు వంగాడు.

"అల్లుడూ, అదంతా అలా ఉంచు. ఆ పొడేదో చూపించు. బావుంటే గోడౌన్ నీదే."

రాజు జేబులోంచి చిన్న సీసా తీసి తీర్థంలా పైకెత్తి చూపించి, మూత తిప్పాడు. అంతే, పొయ్యి పక్కన పడుకున్న సుబ్బాయమ్మ పిల్లి ఒక్క గెంతులో బల్లెక్కి సీసాలో మూతి పెట్టబోయింది. నరసింహం దాన్ని పక్కకు నెట్టి, చిటికెడు పొడి నాలుక మీద వేసుకున్నాడు.

"ఎండు రొయ్యపొట్టు," అన్నాడు. "గిలకలదిండి రేవు సరుకు. మొన్న మీ ఆవిడ సుచిత్ర నా దగ్గరే తీసుకెళ్ళింది. జీలకర్ర బాగా పడింది."

బల్లలు కదిలేలా నవ్వారందరూ. నరసింహం మాత్రం నవ్వలేదు.

"అయితే అసలు కీచురాళ్ళే లేవన్నమాట."

"అయ్యో, ఉన్నాయండీ! అవి మాత్రం నిజం."

"ఎక్కడ?"

రాజు గొంతు మొదటిసారి తగ్గింది. "మా ఇంట్లో. పెట్టె తెరవగానే ఒకటి మొహం మీదికి గెంతిందండీ. పెట్టె వదిలేసి మంచమెక్కేశాను. బీరువా వెనకా, ఫ్రిజ్ కిందా, బియ్యం డబ్బా చుట్టూ ఎక్కడ చూసినా అవే. పిల్లల్ని కూడా పెట్టేశాయి. ఆ మోతకి మేము చర్చి వరండాలో పడుకుంటున్నాం."

"మరి గోడౌన్‌లో వేటిని పెంచుదామనిరా?"

రాజు సీసాకి మూత పెట్టాడు.

"గోడౌన్ వాటికి కాదు మావయ్యా. అవి ఇంట్లో సుఖంగానే ఉన్నాయి. సుచిత్రకీ నాకూనండీ."