బ్యాడ్జీ అందుకునే చెయ్యి

మళ్ళీ అదే ప్రశ్న! కొట్టినప్పుడు బ్యాడ్జీ ఎక్కడుంది, బ్యాడ్జీ ఎక్కడుంది అని. ఆ మనిషి చెంప ఎలా ఉందని ఒక్కరూ అడగరేం సార్? ఆసుపత్రికి వెళ్ళి చూశారా? కుట్లేశాక కూడా మంచినీళ్ళు తాగితే చిరుగులోంచి కారిపోతున్నాయట.

సరే సరే, కోప్పడకండి. విచారణ అధికారి మీరు, అడగడం మీ పని. ముందు ఆ కిటికీ కాస్త మూయండి. కింద కారులో మా అల్లుడుగారున్నారు. కౌన్సిలరై ఉండి కూడా అత్తగారిని స్వయంగా దింపారు, చూశారా ఎంత మర్యాదో! దారి పొడుగునా ఒకటే మాట. "అత్తయ్యా, బ్యాడ్జీ మీ చేతిలో ఉంది, అంతే." నా మణికట్టు పట్టుకుని మరీ చెప్పారు లెండి. ఇదిగో, వేళ్ళ గుర్తులు ఇంకా పోలేదు.

అల్లుడు పదో గ్రహం అంటారు కదా. మా ఇంట్లో మిగతా తొమ్మిదీ సెలవు పెట్టేశాయి, ఈయనొక్కరే డ్యూటీ చేస్తున్నారు.

మొదటినుంచీ చెప్తాను, వినండి. పోయినేడు అల్లుడుగారు టీ కొట్టతన్ని కొట్టారు కదా, మీ ఆఫీసుకే వచ్చింది ఫిర్యాదు. కౌన్సిలరుగా కొట్టారా, మామూలు మనిషిగా కొట్టారా అని మీవాళ్ళు తెగ ఆలోచించారు. ఆరోజు చొక్కా మార్చుకుని వెళ్ళారు, బ్యాడ్జీ విడిచిన చొక్కాకే ఉండిపోయింది. ఇంకేం, బ్యాడ్జీ లేదు కాబట్టి సొంత తగాదా, మా నియమాల కిందికి రాదు అని తేల్చేశారు. టీ కొట్టతనికి ఇప్పటికీ కుడి కన్ను సరిగా కనపడదు.

ఆ రాత్రి ప్లీడరుగారు మా ఇంట్లో భోంచేస్తూ అదంతా విడమరిచి చెప్పారు. బ్యాడ్జీ ఉండి కొడితే పదవికే ముప్పట. లేకుండా కొడితే పోలీసులు చూసుకుంటారు, పోలీసుల్ని మనం చూసుకుంటాం అన్నారు. అందరూ నవ్వారు. వడ్డిస్తున్నదాన్ని, నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎలా?

అప్పట్నుంచీ అదో పద్ధతైపోయింది. అల్లుడుగారికి కోపం వస్తే ముందు చెయ్యి ఛాతీ మీదికి వెళ్తుంది. బ్యాడ్జీ ఊడబీకి పక్కకి చాస్తారు. ఎవరున్నారో చూడను కూడా చూడరు, అందుకోవడానికి నేనుండాలంతే. నేను కొంగున ముడేసుకుంటాను. ఆ తర్వాత ఎముకల చప్పుడు. అంతా అయ్యాక ఆయన చెయ్యి కడుక్కుంటారు, నేను బ్యాడ్జీ తుడిచి మళ్ళీ చొక్కాకి పెడతాను. పెద్దావిడ చెయ్యి చాచిందంటే పరిగెత్తాలని మా వీధిలో అందరికీ తెలుసు.

ఇంట్లోనా? ఇంట్లో బ్యాడ్జీ ఎందుకు సార్? గుమ్మంలోకి రాగానే మేకుకి తగిలించేస్తారు. ఇంట్లో ఉండేది మా అమ్మాయి కదా, దానికి మీ నియమాలెక్కడివి?

కలం పక్కన పెట్టారే. అదే, ఇది మీ కిందికి రాదని నాకూ తెలుసు. అయినా వినండి, ఆరోజు మొదలైంది అక్కడే.

కౌన్సిల్ సమావేశానికి తయారవుతున్నారు. చొక్కా కాలరు మీద ఇస్త్రీ మడత పడింది. అమ్మాయి జుట్టు పట్టుకుని తల బీరువా తలుపుకేసి కొట్టారు. ఒకసారితో ఆగలేదు. చెవిలోంచి రక్తం. నేను అడ్డం వెళ్తే అదే నన్ను తోసేసింది, "నువ్వు పో అమ్మా" అని. ఏం చెయ్యను? వేరే చొక్కా నేనే తీసిచ్చాను. బ్యాడ్జీ నేనే పెట్టాను. అడకత్తెరలో పోకచెక్కకి ఇంతకంటే ఏం చేతనవుతుంది?

వెనకాలే గేటు దాకా వెళ్ళాను. అక్కడ కాలవ పనివాడు. మా కొత్త మేడ తాలూకు ఇటుక ముక్కలన్నీ కాలవలో పోసి, వీధంతా మురుగు పొంగించింది మేమే కదా. అతను దిగి మొత్తం ఎత్తాడు. ఎత్తిందంతా తెచ్చి మా గేటు ముందే గుట్ట పోశాడు. పైగా, "అయ్యా, మీ సామాను మీకు అప్పగించాను, చూసుకోండి" అన్నాడు. చుట్టూ జనం నవ్వారు.

చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. బ్యాడ్జీ ఊడొచ్చింది. నా వైపు చాచారు.

నేను అందుకోలేదు.

జేబులో వేసుకోవచ్చుగా అంటారా? అంత కోపంలో జేబు గుర్తొస్తుందా సార్? పిడికిలి బిగించి ఆ పిడికిలితోనే కొట్టారు. పిన్ను వేళ్ళ మధ్యలోంచి బయటికే ఉంది. మొదటి దెబ్బకే చెంప చిరిగింది. పడ్డాక అతని పార లాక్కుని మోకాళ్ళ మీద కొట్టారు. ముఖం బూటుతో మురుగులోకి తొక్కి, "నా వార్డులో నన్నే అడుగుతావా" అన్నారు. నా వార్డు అన్నారు, రాసుకోండి, అది మీకు పనికొస్తుంది. అతని చెంప మీద కుట్ల పక్కన చూడండి, బ్యాడ్జీ అంచు అచ్చు దిగి ఉంటుంది.

ఎందుకు అందుకోలేదా?

చేతిలో అమ్మాయి రక్తం తుడిచిన గుడ్డ ఉంది, ఖాళీ లేదు అని అందరికీ చెప్పాను. ఆయనా నమ్మారు. అబద్ధం సార్. చెయ్యి ఖాళీగానే ఉంది. వెనక్కి పెట్టుకున్నాను.

దాని చెవి పగిలినా మీ కాగితాల్లోకి ఎక్కదు. కాలవ మనిషి చెంప ఎక్కుతుంది. అదీ కొట్టేటప్పుడు బ్యాడ్జీ వాడి దగ్గరుంటేనే ఎక్కుతుంది. ప్లీడరుగారి పాఠం నాకూ వచ్చేసింది. దెబ్బ ఎలాగూ పడేదేగా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. కానీ ఆ పిన్ను లేకపోతే చెంప చిరిగేది కాదు. దాన్ని వాడి చేతిలో ఉండనిచ్చింది నేను. నా కూతురి కోసం ఇంకొకరి బిడ్డ ముఖం చింపించాను. ఇది కూడా రాసుకోండి.

అల్లుణ్ణి వాడు అన్నానా? అన్నాను లెండి.

సంతకం ఎక్కడ? ఇక్కడా? బ్యాడ్జీ వాడి చేతిలోనే ఉంది అని రాశారు కదా, సరే.

అమ్మాయా? మా కారు ఇటు కదలగానే అది అటు బస్సెక్కింది. ఎక్కడికో నాక్కూడా చెప్పొద్దన్నాను. నా ఒళ్ళు దెబ్బలకి ఎంతవరకు ఆగుతుందో నాకు తెలీదు.

హారన్ కొడుతున్నాడు, వెళ్ళొస్తాను. నేను కూడా ఎక్కడికైనా పోవచ్చుగా అంటారా? ఇంటికి వెళ్ళేసరికి వాడి చేతికి ఎవరో ఒకరు దొరకాలి సార్. లేకపోతే దాన్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు.