ఎర్ర చెంచా

ఓల్డెన్‌బర్గ్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రి. గుండె వార్డు బయట బెంచీ మీద అక్కచెల్లెళ్ళు: మందుల షాపులో పనిచేసే ఇమ్కె, ఆమె చెల్లెలు ఫ్రౌకె. లోపల వాళ్ళ అమ్మ. సాయంత్రం అయిదు.

"స్టీలు చెంచాతో కలిపానక్కా."

"ఏంటి?"

"ఆ హోమియో మందు, ఏడో నంబరు ఉప్పు. పది బిళ్ళలూ వేడివేడి నీళ్ళలో వేసి, స్టీలు చెంచాతో కలిపేశాను. అందుకే పనిచెయ్యలేదు."

"ముందు ఆ కోటు విప్పు ఫ్రౌకే. చెమటలు కారుతున్నాయి నీకు."

"అమ్మ ఎన్నిసార్లు చెప్పిందీ, స్టీలు తగిలితే ఉప్పు బలం పోతుందని! ఆ ఎర్ర ప్లాస్టిక్ చెంచా ఉంటుందే, ఐస్‌క్రీం కొట్లోంచి తెచ్చి దాచుకుంది, దానికోసం సొరుగులన్నీ తిరగేశాను. దొరకలేదు."

"చెంచాదేముందే? గుండెపోటుకి ఏ చెంచా అయితే ఏంటి?"

"అదేంటి! షాపులో ఆ సీసాలు అమ్మేది నువ్వు. చెంచా సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పేదీ నువ్వే."

"చెప్తాను. పిక్కలు పట్టేసినవాళ్ళకి చెప్తాను."

"అమ్మకీ ఛాతీ పట్టేసిందక్కా! పట్టేస్తే ఏడో నంబరే కదా? మనింట్లో ఎప్పుడూ అంతేగా? నెలసరి నొప్పికి అదే, నాకు పరీక్షలంటే భయమేస్తే అదే..."

"ఊఁ."

"మూడింటికి వెళ్ళాను. టీ కెటిల్ చల్లగా ఉంది. రోజూ మూడు కప్పుల టీ పడందే కుర్చీలోంచి లేవని మనిషి! అప్పుడే అంబులెన్సుకి ఫోన్ చెయ్యొద్దూ నేను? అరగంట, అక్కా. గుక్కగుక్కగా తాగమ్మా, చప్పరించి తాగమ్మా అంటూ అరగంట కూచున్నాను."

"నీ తప్పు లేదు."

"ఊరికే ఆ మాట అనకు."

"లేదంటున్నానుగా!"

"డాక్టరుగారు మళ్ళీ వస్తానన్నారు. నొప్పి ఎప్పుడు మొదలైందో సరిగ్గా కావాలట. దాన్నిబట్టే ఏం చెయ్యాలో చూస్తారట. మూడింటికని చెప్పాను."

"మూడింటికనా?"

"మరేం చెప్పను? అమ్మనడిగితే 'ఇమ్కెకి తెలుసు, ఇమ్కెకి తెలుసు' అంటుంది తప్ప ఇంకో మాట లేదు. పలవరిస్తోందనుకున్నాను."

"నీళ్ళు తాగుతావా?"

"వద్దు. నీకు ఫోన్ చేసిందా?"

"షాపులో ఇవాళ ఒకటే జనం. జలుబులూ, దగ్గులూ..."

"అక్కా. ఫోన్ చేసిందా?"

"చెంచా సొరుగులో ఎందుకుంటుందే? మంచం పక్కన, కప్పులో ఉంటుంది."

"నీకెలా తెలుసు?"

"అదిగో, డాక్టరుగారు వస్తున్నారు. లే."

"నమస్తే అమ్మా, పెద్దమ్మాయి మీరేనా? నొప్పి మూడింటికే మొదలైందా? ఖాయమేనా? మాకు చాలా ముఖ్యం."

"నేను చెప్పాను కదండీ, మూడింటికి నేను వెళ్ళేసరికి..."

"కాదు డాక్టర్. పొద్దున ఎనిమిదింటికి."

"అక్కా!"

"నాకే ఫోన్ చేసింది. ఛాతీ పట్టేసిందే, డాక్టర్ని పిలవనా అని అడిగింది. నేను షాపు తెరుస్తున్నాను. ఏడో నంబరు తాగి పడుకో, సాయంత్రం వచ్చి చూస్తానన్నాను. ప్లాస్టిక్ చెంచాతో కలుపుకోమని కూడా గుర్తుచేశాను."