వీధి పెద్దగారి ఇంగ్లీషు పాఠం

"స్థానికులతో సంబంధాలు అత్యుత్తమం" అట. చదివారా సార్? విద్యాబోర్డు ఆఫీసులో ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, నడుం వంచి మరీ ఇచ్చాడు. నేనూ వంగి తీసుకున్నాను. ఇద్దరం లేచేసరికి నా టీచరు లైసెన్సు కాస్తా వచ్చే ఏటికి వెళ్ళిపోయింది.

అబ్బే, మీరు రోడ్డు చూసి నడపండి, వానగా ఉంది. మోరికుబో సార్, కారు నడుపుతున్నంతసేపు మీరు లేచి వెళ్ళిపోవడానికి లేదు. స్కూల్లో అయితే ఈపాటికి మీకు ఏదో ఒక మీటింగు గుర్తొచ్చేది.

"మరి నా పాఠం ఎలా ఉంది?" అని అడిగాను కదా, మీరూ పక్కనే ఉన్నారు. ఆయన కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పాఠం గురించి ఒక్క ముక్క లేదు. దాని బదులు నాకు "స్నేహ రాయబారి" అని ఒక హోదా ఇస్తారట. పండగల్లో ఊరేగింపు ముందు నడవాలట. ఎంత భాగ్యం! ఇన్నేళ్ళూ హోదా లేకుండానే నడిచానే పాపం, కాళ్ళన్నీ వృథా.

నేను ట్రినిడాడ్ నుంచి వచ్చిన కొత్తలో మీరేం చెప్పారు? "కొరీన్ గారూ, పాఠాలు పుస్తకంలో ఉంటాయి, ఎక్కడికీ పోవు. మీరు ఊళ్ళో కలవండి. ఎదుగుదల దానంతటదే వస్తుంది." ఎంత చక్కగా చెప్పారు. నమ్మేశాను.

కలిశాను సార్. రోట్లో అన్నం దంచి మోచీ ఉండలు చేశాను. అగ్నిమాపక దళంతో కలిసి గొట్టాలు మోశాను. వేసవి పండక్కి మన ఊరి ఉల్లికాడ బొమ్మ వేషం ఎవరు వేశారు? పొడుగ్గా ఉన్నానని నన్నే ఎంచారు. ఆగస్టు ఎండలో ఆ దూది గొట్టంలో నిలబడి చెయ్యి ఊపుతుంటే, పిల్లలొచ్చి ముద్దుగా కడుపులో గుద్దేవాళ్ళు. అదీ ఎదుగుదలే కాబోలు.

ఇక క్లాసులో సంగతా? ఇంగ్లీషు టీచరు కంజాకి గారు పాఠం చెబుతారు, నేను పక్కన నిలబడతాను. "ఈ వాక్యం చదవండి" అంటే చదువుతాను. "ఇంకోసారి" అంటే ఇంకోసారి చదువుతాను. టేపురికార్డరుకీ నాకూ తేడా ఏమిటంటే, దానికి పంటినొప్పి రాదు.

నాకొక సొంత క్లాసు కావాలన్నాను. తప్పా అది? పిల్లలకి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నేనే ఆలోచించుకునే క్లాసు. దానికి లైసెన్సు కావాలన్నారు. లైసెన్సుకి బోర్డు వాళ్ళ ముందు ఒంటరిగా ఒక పాఠం చెప్పి చూపించాలన్నారు. మీరే సిఫార్సు చేశారు, కాదనను. తల్లిదండ్రులొచ్చి క్లాసులు చూసే రోజే నా పాఠమూ పెట్టారు. జూన్ మొదటి ఆదివారం.

ఆ ఆదివారమే మన వీధి మురిక్కాలవ పూడిక తీత. ఈ ఏడు వీధి పెద్ద ఎవరయ్యా అంటే, ఇంటింటి వంతు తిరిగి తిరిగి వచ్చి నా నెత్తిన పడింది. "విదేశీయురాలు వీధి పెద్ద అవడం ఇదే మొదటిసారి" అని మీ ఆవిడ నాకు ముల్లంగి పచ్చడి కూడా తెచ్చిచ్చారు.

మరి నేనేం చేశాను? పెద్దరికంగా, పద్ధతిగా, ఇంటింటికీ తిరిగే నోటీసు అట్టకి ఒక కాగితం బిగించాను. "ఆదివారం నాకు బోర్డు వారి ముందు పాఠం ఉంది, పూడిక తీత శనివారానికి మారుద్దాం, దయచేసి" అని. అట్ట వీధంతా తిరిగి నా గుమ్మానికొచ్చింది. ఒక్క గడి ఖాళీ లేదు, అన్నింట్లోనూ సంతకానికి బదులు ఇంటిపేర్ల ఎర్ర ముద్రలే. మొదటిది వీధిలో అందరికన్నా పెద్దావిడ, ఇవాబుచి మామ్మగారిది. చివరిది మీది. ఎంత నిటారుగా పడింది సార్ మీ ముద్ర! చూసి మురిసిపోయాను. ఇప్పటికి ఊళ్ళో కలిశాను అనుకున్నాను.

శనివారం పొద్దున్నే రబ్బరు బూట్లు వేసుకుని, పార పట్టుకుని కాలవ దగ్గర నిలబడ్డాను. ఒక్క పురుగు వస్తే ఒట్టు. మీ ఇంటి కర్టెను కొంచెం కదిలింది. గాలికేమోలెండి.

ముద్ర వేస్తే "చూశాం" అని అర్థమట. "ఒప్పుకున్నాం" అని కాదట. తేదీ మార్చాలంటే ముందు మామ్మగారి గుమ్మంలో కూచోవాలట. టీ తాగి, ఆవిడ మోకాళ్ళ నొప్పులు విని, ఇక లేస్తూ లేస్తూ "ఈసారి ఆదివారం నాకు కాస్త ఇబ్బంది" అని నసగాలట. అప్పుడావిడ పక్కింట్లో నసుగుతారు, వాళ్ళు ఎదురింట్లో నసుగుతారు. వీధంతా నసిగాక, ఆఖర్న అట్ట తిరగాలి. ముందే తిరిగిందంటే నేను హుకుం జారీ చేసినట్టు. సరే, అది తప్పే. వారం రోజులు స్టాఫ్ రూములో నా ఎదుటి కుర్చీలోనే కూచున్నారు కదా, ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?

"అడగలేదు" అంటారా? అడగాలంటే, నాకు తెలియదన్న సంగతి ముందు నాకు తెలియాలి కదండీ.

పంతం వచ్చింది. ఒక్కదాన్నే దిగాను. ఆకులు, బురద, ఎవరి కాలిదో ఒంటి చెప్పు. చీకటి పడేసరికి వీధి ఆ మూల నుంచి ఈ మూల దాకా తీసి పారేశాను. నడుం పట్టుకుపోయింది. ఏడుపు కూడా వచ్చింది, అది వేరే విషయం.

ఆదివారం వాళ్ళు ఎప్పటిలాగే పారలు పట్టుకుని దిగారు. చూస్తే ఏముంది, కాలవ అద్దంలా ఉంది. చెయ్యడానికి పని లేదు, చేసిన మనిషి అక్కడ లేదు. మీరు ఆ పూట స్కూల్లో టై కట్టుకుని అతిథుల్ని చూసుకుంటున్నారు కాబట్టి బతికిపోయారు. మిగతా వాళ్ళకి తల కొట్టేసినట్టయింది. వీధి పెద్దని ఒంటరిగా బురదలో దింపారన్న మాట ఊళ్ళో పాకకముందే క్షమాపణ చెప్పాలి. ఆవిడ ఎక్కడుంది? స్కూల్లో. ఇంకేం, పదండి!

అలా వచ్చారు, నా పాఠం మధ్యలోకి. బూట్లు కింద విప్పి, సాక్సులతో, వీధి వీధంతా వరుసగా. ముందు మామ్మగారు, ఆవిడ చేతిలో మోచీ పెట్టె. వెనక తలుపు తీసుకుని అందరూ ఒక్కసారిగా వంగారు. బోర్డు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంతవరకూ ఊరికే పట్టుకున్న కలం అప్పుడు కదిలింది.

"అదృష్టవంతులు మీరు" అంటారా. అవును, మరి.

సార్, చిహారు తెలుసుగా, రెండో వరస, కిటికీ పక్కన. ఆ పిల్ల మన స్కూల్లో చేరిన దగ్గర్నుంచీ క్లాసులో నోరు విప్పలేదు. ఇంగ్లీషులో కాదు, అసలు ఏ భాషలోనూ. ఆ పాఠం మొత్తం ఆ పిల్ల కోసమే అల్లాను. మీ ఇంట్లో మీకిష్టమైన ఒక చప్పుడు గురించి చెప్పండి అన్నాను, అంతే. అందరూ చెప్పారు. ఎవరూ పిలవకుండానే చిహారు లేచి నిలబడింది. "మా నాన్న పడవ..." అంది, ఇంగ్లీషులో. బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు తెరుచుకుంది తలుపు.

"ఒక్క నిమిషం ఆగండి" అనొచ్చు నేను వాళ్ళని. మామ్మగారు ఆగేవారు కూడా. అనలేదు. ఆ పిల్లకి వీపు తిప్పి, వాళ్ళ వైపు వంగాను. ఎంత హాయిగా ఉందో సార్, చెప్పలేను. వీధంతా నా కోసం వచ్చింది. లేవబుద్ధి కాలేదు, వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను.

ఇటు తిరిగేసరికి చిహారు కూచుని ఉంది. పుస్తకం మూసేసింది. ఆ తర్వాత ఎంత బతిమాలినా మాట లేదు, ఇప్పటికీ లేదు.

ఆ బోర్డు వాళ్ళు జరిగిందాన్ని చూసి, "ఈవిడ టీచరు కాదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఈ దారంతా నేను నోరెత్తేదాన్ని కాదు. కానీ ఎవరూ చూడలేదు. మీరూ చూడలేదు. మీరూ వంగే ఉన్నారు.

మీరు కారు తేవడానికి వెళ్ళినప్పుడు ఆ రాయబారి హోదాకి ఒప్పుకుని సంతకం పెట్టేశాను. నాకు తగ్గది అదే.

ఆకుపచ్చ లైటు పడింది సార్. పోనివ్వండి.