మూఢం తెల్వని కంప్యూటర్

ఏంది సార్, మార్కులెయ్యాల్నా? దానికా? మా బ్యాంకు మెడకు ఉరేసిన కంప్యూటర్‌కు నేనే ఐదుకిన్నని మార్కులెయ్యాల్నా? థూ! ...మిమ్ములను అనలె సార్, కూసోర్రి.

గద్వాలల దీన్ని అనంతయ్య బ్యాంకంటరు. నేతగాళ్ళ సహకార బ్యాంకన్న అసలు పేరు ఎవ్వరికి యాదికుండది. మేనేజర్‌గ నా తలకాయ గట్ల నెరిసింది మరి.

మీరేమో బ్యాంకులను తనిఖీ జేసే ఆఫీసోళ్ళు. లెక్కలు పంపుమంటిరి, ఫ్లాపీల ఎక్కించి హైదరాబాదు బస్సుల పంపితిమి. మీ కంప్యూటర్ ఏమన్నది? ఎరుపన్నది! జబ్బు బ్యాంకన్నది! ఎందుకంటే, మూడు నెలలు కిస్తి రాలేదంట. మూడు నెలలు రాకుంటే బాకీ సచ్చినట్టేనంట. సచ్చిన బాకీ ఉన్నోళ్ళకు కొత్తప్పు ఇయ్యొద్దంట!

సార్, మావోళ్ళు నేసేది లగ్గం చీరలు. శూన్యమాసమొచ్చె, దాని ఎన్కనే మూఢమొచ్చె. నాలుగు నెలలు ఎక్కడా బాజా మోగలె. లగ్గాల్లేకుంటే చీరెవడు కొంటడు? చీర పోకుంటే కిస్తెట్ల కడ్తరు? లగ్గాలు మొదలైనంక కడ్తరు. మా తాతల కాలం సంది గంతే!

కంప్యూటర్‌ల వడ్డీకో గడున్నది, వాయిదాకో గడున్నది. మూఢానికి లేదు.

అగో, బయట అరుగు మీద కూసున్నది చూడుర్రి, జోగమ్మ. మొగడు పోయినంక రెండు మగ్గాలు తనే నడిపిస్తది. ఎన్నడు పైస ఎగ్గొట్టలె. పట్టు కొననీకి అప్పు గావాలె. ఇప్పుడు నేస్తేనే లగ్గాలనాటికి చీరలుంటయి, లేకుంటే ఈ ఏడు మగ్గాలకు బూజే. నేనేమనాలె? "హైదరాబాదుల డబ్బా నిన్ను సచ్చినోళ్ళల్ల కలిపిందక్కా" అన్న. "నీ ముందల నిలవడ్డ గదా అనంతయ్యా, కండ్లు పోయినయా నీకు?" అన్నది!

మీ ఫోన్ మోగుతున్నది సార్. ఎత్తుర్రి, ఎత్తుర్రి.

...ఇన్న సార్, చెవులున్నయి గద. కొడుకు లగ్గమా? సంతోషం. ముహూర్తం వచ్చే నెల దాకా లేదా? ఎందుకట్ల?

మూఢమా!

చూడుర్రి మరి. మీకు తెల్సు, అమ్మగారికి తెల్సు, ముహూర్తం పెట్టే అయ్యగారికి తెల్సు. మీరందరు కలిసి తెచ్చిన కంప్యూటర్‌కే తెల్వదు! తల దించకుర్రి, మీరొక్కరు జేసింది గాదు.

జర గీ ముచ్చట మీ కాయితంల రాస్తరా? ...జాగ లేదా? మార్కులొక్కటేనా? మంచిగున్నది!

పక్క తాలూకల ఓ బ్యాంకుండె, పేరెందుకు. మీ కంప్యూటర్‌ల ఎప్పుడు జూసినా పచ్చగుండె. ఓ దినం తాళం పడ్డది. గా మేనేజర్ కిటుకు మాకందరికి ఎరుకే. కొత్తప్పు రాసెటోడు, గదే దినం గా పైసలతోనే పాతది తీరినట్టు సూపిచ్చెటోడు. కంప్యూటర్ మస్తు ఖుష్! వానితోని ఒక్క బల్ల మీద చాయ్ తాగనీకి గూడ నాకు అసయ్యమయ్యేది.

ఏసుకోర్రి సార్, ఐదుకైదు ఏసుకోర్రి. నిజం పంపితే బాకీ సచ్చె. ఇగ అబద్ధం పంపుత, బతుకుతది.

జోగమ్మక్కా! లోపటికి రా. పోయిన నెల తేదీ ఏసి కొత్తప్పు రాస్తున్న, పాతది తీరిపోను పట్టుకు మిగుల్తది, సంతకం పెట్టు. ఎందుకని అడగకు, పెట్టు.

ఏంది సార్, గట్ల చూస్తరు? రాసుకుంటరా? రాసుకోర్రి, జాగుంటే.