కొండ మీద నా పేరు

ఆ బుట్ట తీసుకుని ఎక్కడికే చిహారూ, ఇంత ఎండ పెట్టుకుని? ఎదురుకొండ కిందికా? కూరకి చిగుళ్ళు కోయడానికా? కూర్చో ముందు. పొద్దున్నే వెళ్ళాల్సింది. పొద్దున మంచు బండలా ఉంటుంది, దాని మీద ఎడ్లబండి తోలినా దిగబడదు. పొద్దెక్కేసరికి ఇదిగో, చూరునుంచి ఎలా కారుతోందో చూడు, అక్కడా అంతే. పైన మంచు తెల్లగా బుద్ధిమంతురాలిలా కూర్చుని ఉంటుందా, అడుగున నీళ్ళు పారి గడ్డి అంతా వాలిపోయి నూనె రాసినట్టుంటుంది. ఇంక మంచుని పట్టి ఉంచేదేముంది? ఉన్నపళంగా కొండంతా జారి మీద పడుతుంది. పాడు చిగుళ్ళు, సరిగ్గా అక్కడే మొలుస్తాయి. నవ్వకు. నేనూ నీలాగే నవ్వి వెళ్ళినదాన్నే. మా ఆయన, అదే మీ ఆయన తాతయ్య తొమెజో లేకపోతే ఈ ముసలిదీ లేదు, నీకు ఈ మొగుడూ లేడు.

నువ్వు ఆయన్ని చూడలేదు కదూ? మనిషి పొట్టి, నోట్లోంచి మాట రాదు. ఎలుగు వేటంటే మాత్రం ప్రాణం. వేటగాళ్ళ కట్టుబాట్లు నీకు తెలుసుగా, మీ పుట్టింట్లోనూ ఉండే ఉంటారు. కొండమ్మ తల్లి ఆడది, అసూయ ఎక్కువ, కొండ మీద ఆడవాళ్ళ పేరు ఎత్తకూడదు. ఈయన రెండాకులు ఎక్కువ చదివాడు. ఇంట్లో అలవాటైతే కొండ మీద నోరు జారుతుందట! అందుకని పెళ్ళయిన నాటినుంచీ నన్ను పేరు పెట్టి పిలిస్తే ఒట్టు. "ఏమే." "ఇదిగో." అంతే. మా అత్తగారు కోడిని కూడా పేరు పెట్టి పిలిచేది తల్లీ! ఒళ్ళు మండేది నాకు.

ఒక ఏడు మంచు ఆలస్యంగా కరిగింది. తక్కిన వేటగాళ్ళు అటువైపు నుంచి ఎలుగును తోలుతున్నారు, ఈయన వాగు అవతల గట్టు మీద తుపాకీ పట్టుకుని కాపు. అది నేరుగా ఆయన దగ్గరికే ఎక్కి వస్తోందట. నాకేం తెలుసు? నేను బుట్ట పట్టుకుని ఇటువైపు ఈ ఎదురుకొండ కింద చిగుళ్ళు గిల్లుకుంటున్నాను. నా నెత్తి మీద మంచు వాలు అడ్డంగా చీలి, నల్లగా నోరు తెరిచింది. కింద ఉన్నదానికి అది కనబడదు, ఎదుటి గట్టు మీదున్నవాడికే కనబడుతుంది. ఇంకో నాలుగడుగుల్లో మంచి గుబురు కనిపించింది, వెళ్దామని లేచాను. అప్పుడు, "కినూ!" అని కేక. కొండంతా మోగింది. నా పేరే! ఎవరబ్బా ఈ మగగొంతు, నన్ను పేరు పెట్టి పిలిచే మగాడెవడు ఈ ఊళ్ళో, అని నోరు వెళ్ళబెట్టి అక్కడే నిలబడిపోయాను. అంతే, ముందు గాలి కొట్టింది, వెల్లకిలా పడ్డాను. లేచి చూస్తే ఆ గుబురు లేదు, దారి లేదు, మట్టీ చెట్లూ కలిసిన మంచు గుట్ట.

ఆ కేకకి ఎలుగు పారిపోయింది. వేటపెద్ద కుమాజీ ఊరుకుంటాడా? "పెళ్ళాం పేరు పెట్టి కొండ మీద అరుస్తావట్రా? తల్లికి కోపం వచ్చింది, కొండనే కిందికి వదిలేసింది!" అని ఊగిపోయాడు. చీలిక ముందే ఉందిరా అని చెప్పొచ్చుగా? తుపాకీ తమ్ముడి చేతికిచ్చేసి ఇంటికొచ్చి, "ఏమే, అన్నం పెట్టు" అన్నాడు. మళ్ళీ వేటకి పోలేదు. బొగ్గులు కాల్చుకుంటూ బతికాడు. వేట రోజుల్లో గుమ్మంలో కూర్చుని కొండకేసే చూసేవాడు. ఒకసారి అడిగాను. "ఇంకా వేటేముంది, ఇంట్లోనైనా పేరు పెట్టి పిలవచ్చుగా?" చెవులదాకా ఎర్రబడ్డాడు. "మళ్ళీ కొండ జారినప్పుడు చూద్దాంలే" అన్నాడు! పోయేరోజు కూడా "ఏమే, నీళ్ళు" అనే అడిగాడు మహానుభావుడు.

ఉండు. మాట్లాడకు.

అదుగో. విన్నావా? కొండ జారింది. నువ్వు వెళ్తానన్న చోటే.

ఎవరూ పిలవలేదు కదూ?

సరేలే. ఆ బుట్ట అక్కడ పెట్టి ముల్లంగి ఇలా అందుకో, తరుగుదాం.